కొత్త చైన్ వేసినా సౌండ్ పోలేదు, వేసింది బావమరిది

కందుకూరు నుంచి ఒకాయన చాలా పెద్ద ఉత్తరం రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. సొంతంగా పొగాకు సేద్యం, టౌన్లో చిన్న ఎరువుల కొట్టు. ఆయనకి 2014 స్విఫ్ట్ డిజైర్ డీజిల్ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, ఇప్పటికి లక్షా డెబ్బై వేల కిలోమీటర్లు దాటింది. వాళ్ళావిడ ఉలవపాడు వైపు ఒక స్కూల్లో టీచర్, రోజూ ఆవిడే నడుపుకుంటూ వెళ్ళొస్తారు. మొన్న వేలం డబ్బులు చేతికొచ్చాక, పొద్దున స్టార్ట్ చెయ్యగానే గరగరమని చాలాసేపు వస్తున్న సౌండ్ ఒకటి ఉంటే దాన్ని వాళ్ళావిడ తమ్ముడికే ఇచ్చారు, ఆ అబ్బాయికి సింగరాయకొండ దగ్గర హైవే మీద షెడ్డు ఉంది. ఇంజిన్ లోపల వాల్వుల్ని సరైన టైముకి తెరిపించే టైమింగ్ చైన్ మార్చాడు, పనిలో పనిగా సిలిండర్లలోకి డీజిల్ చల్లే నాజిల్స్ కూడా ఊడదీసి క్లీన్ చేయించి బిగించాడు, మొత్తం 41 వేలు తీసుకున్నాడు, బిల్లు లేదు, బావమరిది దగ్గర బిల్లేంటని ఈయన అడగలేదు.

సౌండ్ పోలేదు. మూడు నెలలైంది. ఆయన మాటల్లోనే చెప్తాను, "పొద్దున స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు గర్రుమని ఆగిపోతుంది, ఆ తర్వాత బండి వేడెక్కినా సరే నిలబడి ఉన్నప్పుడు టిక్కు టిక్కు అని వస్తానే ఉంటుంది, ఏసీ వేస్తే కీచుమంటుంది, పికప్ మాత్రం బాగానే ఉంది, పొగ రావట్లేదు, ఆయిల్ లైట్ వెలగట్లేదు." బావమరిదిని అడిగితే "కొత్త చైన్ గదా బావా, సెట్ అవ్వాల, రెండు వేల కిలోమీటర్లు తిరిగితే అదే పోద్ది" అన్నాడట, రెండోసారి బండి తీసుకెళ్తే "నాకేం ఇనపడలేదే" అన్నాడట. ఇక లాభం లేదని ఎవరికీ చెప్పకుండా ఒంగోలులో ఒక మెకానిక్‌కి చూపిస్తే ఆయన బానెట్ ఎత్తి రెండు నిమిషాలు విని, క్రాంకు (పిస్టన్లు తిప్పే కింది ఇరుసు) పోయిందన్నా, ఇంజిన్ దించాల, ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వుల గ్యాప్ సరిచెయ్యడం) కూడా చెయ్యాల, 90 వేలు దాకా అవుద్ది అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట భార్యతో చెప్తే ఆవిడ "మా తమ్ముడి మీద నమ్మకం లేకపోతే ముందే చెప్పాల్సింది" అని ఆ రోజు నుంచి ముక్తసరిగా మాట్లాడుతున్నారు, అత్తగారు కూడా ఫోన్ చేశారు. వచ్చే నెల తిరుపతిలో వాళ్ళ వైపు పెళ్ళి, అందరూ ఈ కార్లోనే వెళ్ళాలి. ఎవర్ని నమ్మాలి, ఇంజిన్ దించమంటారా, ఇచ్చిన డబ్బులు వెనక్కి అడగొచ్చా అన్నవి ఆయన ప్రశ్నలు.

ఉత్తరం చివర్లో, ఆయన పెద్దగా పట్టించుకోకుండా, ఒక లైన్ రాశారు. "మా ఆవిడ మాత్రం ఈ మధ్య బండిలో డీజిల్ కాలిన వాసన వస్తుందంటుంది, నాకైతే తెలియలేదు."

అన్నా, ముందు ఆ చివరి లైన్ దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే మీరు రాసిన అంత ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే మాట అదే, అది చెప్పింది కూడా ఆ బండిని రోజూ నడిపే మనిషి. మీరు మెకానిక్‌ల మాటలు ఇద్దరివీ పూస గుచ్చినట్టు రాశారు, ఆవిడ మాట మాత్రం తోకలో పెట్టారు.

మీరు ఉత్తరం అంతా "సౌండ్ పోలేదు" అని రాశారు, నాకు మాత్రం అందులో మూడు సౌండ్లు కనిపిస్తున్నాయి. మూడింటికీ మూడు కారణాలు ఉండొచ్చు, ఒకటి రిపేర్‌కి ముందు నుంచీ ఉన్నది, ఒకటి రిపేర్ వల్ల వచ్చి ఉండొచ్చు, ఇంకోటి అసలు ఇంజిన్ లోపలిదే కాకపోవచ్చు. మూడింటినీ కలిపి ఒక్క సౌండ్ చేసేసరికి బావమరిది చేసిన పని మొత్తం వేస్ట్ అయినట్టు మీకు అనిపిస్తుంది, ఆ ఒంగోలు మెకానిక్‌కేమో ఇంజిన్ మొత్తం పోయినట్టు వినపడింది.

పొద్దున వచ్చే గర్రు సంగతి చూడండి. ఇంతకుముందు చాలాసేపు వచ్చేది, ఇప్పుడు రెండు మూడు సెకన్లకి ఆగిపోతుంది అని మీరే రాశారు. అంటే తగ్గింది, బావమరిది చేసిన పనిలో కొంతైనా సరిగ్గా జరిగిందన్నమాట, ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత మాట్లాడేటప్పుడు కావాలి. మీ బండిలో ఉన్న 1248 సీసీ డీజిల్ ఇంజిన్ అసలు ఫియట్ వాళ్ళది, మారుతి, టాటా వాళ్ళు కూడా వాడారు, ఎన్ని కంపెనీల బండ్లలో ఉందంటే జనం దాన్ని సరదాగా నేషనల్ ఇంజిన్ అనేవాళ్ళు, మారుతి 2020లో డీజిల్ కార్లు ఆపేసేదాకా లక్షల బండ్లలో తిరిగింది. కాబట్టి తెలిసిన మెకానిక్‌లకి కొరత లేదు, స్పేర్లకీ కొరత లేదు. దాంట్లో టైమింగ్ బెల్ట్ ఉండదు, చైన్ ఉంటుంది. ఆ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెజర్‌తో పని చేస్తుంది. రాత్రంతా బండి నిలబడితే ఆయిల్ కిందికి దిగిపోతుంది, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పైకెక్కి టెన్షనర్ నిండేదాకా చైన్ వదులుగా కొట్టుకుంటుంది, అదే ఆ గర్రు. ఒక సెకను అయితే ఈ వయసు బండికి నేను పెద్దగా పట్టించుకోను. మూడు సెకన్లు రోజూ వస్తుందంటే అడగాల్సిన ప్రశ్న ఒకటే, చైన్ ఒక్కటే మార్చాడా, కిట్ మొత్తం మార్చాడా. కిట్ అంటే చైన్, టెన్షనర్, గైడ్లు, పళ్ళ చక్రాలు అన్నీ. పాత టెన్షనర్, అరిగిన గైడ్ల మీద కొత్త చైన్ వేస్తే సౌండ్ తగ్గుతుంది గానీ పోదు. ఇది మోసం కానక్కర్లేదు, బావ దగ్గర ఎక్కువ డబ్బు ఎందుకులే అని చైన్ ఒక్కటే వేసినవాళ్ళు చాలామంది ఉంటారు. కొత్త చైన్ సెట్ అవ్వాలి అన్న మాట మాత్రం నమ్మకండి, చైన్ బిగించిన రోజు నుంచే సైలెంట్‌గా ఉండాలి, తిరిగేకొద్దీ అది వదులవుతుందే తప్ప బిగువవదు.

ఇక టిక్కు టిక్కు. నాకు అనుమానం అంతా దీని మీదే. మీ ఆవిడకి వాసన వచ్చింది, బావమరిది నాజిల్స్ ఊడదీసి బిగించాడు, ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. నాజిల్ కింద ఒక చిన్న రాగి వాషర్ ఉంటుంది, సిలిండర్‌లో మంట పుట్టినప్పుడు ఆ ప్రెజర్ పైకి తన్నకుండా ఆపేది అదే. నాజిల్ తీసిన ప్రతిసారీ వాషర్ కొత్తది వెయ్యాలి, అది కూర్చునే చోట మసి గీకి శుభ్రం చెయ్యాలి, క్లాంప్ బోల్ట్ లెక్క ప్రకారం బిగించాలి. పాత వాషర్ తిరగేసి వేసినా, సీటు మీద మసి ఉన్నా, కాలిన గ్యాస్ ఆ సందులోంచి టిక్ టిక్ అనో చస్ చస్ అనో కొడుతూ బయటికి వస్తుంది, ఆ వాసన బానెట్ కిందనుంచి ఏసీ గాలి తీసుకునే చోటుకి వెళ్ళి లోపలికి వస్తుంది. ఆవిడ రోజూ అద్దాలెత్తి ఏసీ వేసుకుని వెళ్తారు కాబట్టి ఆవిడకి తెలిసింది, మీరు ఎప్పుడో ఒకసారి ఎక్కుతారు.

దీన్ని మీరే చూడొచ్చు. ఇంజిన్ ఆపి, చల్లారాక, పైన నల్ల ప్లాస్టిక్ కవర్ ఉంటుంది, అది ఎత్తితే నాలుగు నాజిల్స్ వరసగా కనపడతాయి. ఒక్కోదాని మొదట్లో టార్చ్ వేసి చూడండి, ఎక్కడైనా తారు పోసినట్టు నల్లగా, గట్టిగా, కాస్త మెరుస్తూ పేరుకుని ఉంటే అక్కడే లీకు. మామూలు దుమ్ము వేరు, ఇది వేరు, వేలితో గీకితే రాదు, చూడగానే తెలుస్తుంది. ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. అక్కడితో ఆపండి, ఏ పైపూ లూజ్ చెయ్యకండి, ఎవరైనా పాత ట్రాక్టర్ అలవాటుతో "ఒక్కో నాజిల్ పైప్ వదిలి చూద్దాం, ఏది మిస్ అవుతుందో తెలుస్తుంది" అంటే ఒప్పుకోకండి. కారు టైరులో ఉండేది రెండు బార్ పైచిలుకు, నాజిల్స్‌కి డీజిల్ తెచ్చే ఈ కామన్ రైల్ పైపుల్లో ఇంజిన్ నిలబడి నడుస్తున్నా వందల బార్ ఉంటుంది, లోడ్ పడితే వెయ్యి దాటుతుంది, ఆ డీజిల్ ధార చర్మంలోకి దూరిపోతుంది, చెయ్యి పోగొట్టుకునే దెబ్బ అది.

వాషర్లు ఖరీదైన వస్తువులు కావు, పని కూడా ఇంజిన్ దించేది కాదు. అయితే వదిలేస్తే మాత్రం ఖరీదవుతుంది. మసి పేరుకుని నాజిల్ హెడ్డులో అతుక్కుపోతుంది, అప్పుడు లాగడానికి ప్రత్యేకంగా పుల్లర్ కావాలి, సీటు కాలిపోతే లేత్ దాకా వెళ్తుంది. తేలేదాకా ఆవిడని అద్దాలు కొంచెం దించుకుని నడపమనండి, కాలిన పొగ రోజూ పీల్చడం మంచిది కాదు, ఎండలో కష్టమే, తప్పదు.

ఏసీ కీచు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏసీ వేస్తే కంప్రెసర్ లోడ్ బెల్ట్ మీద పడుతుంది, రేడియేటర్ ముందు ఫ్యాన్ కూడా తిరగడం మొదలవుతుంది, కాబట్టి బెల్ట్ జారుతుందో, పుల్లీ బేరింగ్ అరిగిందో, ఫ్యానే అరుస్తుందో చూడాలి. చైన్ మార్చడానికి ముందు పక్కనున్న బెల్ట్ తియ్యక తప్పదు, తీసిన పాత బెల్టే మళ్ళీ వేసి ఉంటే కీచుమనడంలో వింత లేదు. ఇంజిన్ ఆపి బెల్ట్ పగుళ్ళు చూడమనండి, పుల్లీలు చేత్తో తిప్పి చూడమనండి, పది నిమిషాల పని. దీని కోసం ఎవరూ క్రాంకు పేరెత్తనక్కర్లేదు.

ఇప్పుడు ఆ ఒంగోలు మెకానిక్ మాట. ఆయన అబద్ధం చెప్తున్నాడని నేననను, క్రాంకు బేరింగ్ పోయే బండ్లు ఉంటాయి, మీదీ లక్షా డెబ్బై వేలు తిరిగింది. కానీ ఆయన చెప్పిన దాంట్లో ఒక మాట నాకు తేడాగా ఉంది, ట్యాపెట్ సెట్టింగ్ చెయ్యాలన్నాడు. ఈ ఇంజిన్‌లో ట్యాపెట్లు హైడ్రాలిక్, ఆయిల్‌తో వాటంతట అవే సర్దుకుంటాయి, స్క్రూ తిప్పి గ్యాప్ పెట్టే సెట్టింగ్ లేదు. ఆ మాట అన్నాడంటే వేరే బండి మనసులో పెట్టుకుని చెప్పి ఉండాలి, లేదంటే ఎస్టిమేట్‌లో ఒక లైన్ పెంచుకోడానికి చెప్పి ఉండాలి. రెండిట్లో ఏదైనా 90 వేల నిర్ణయం ఆయన చెవి మీద పెట్టి తీసుకునేది కాదు.

బేరింగ్ పోయిన సౌండ్ మీరు రాసినట్టు ఉండదు. అది టిక్కు కాదు, లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు దబ్ దబ్ అని లోతుగా వస్తుంది, బండి వేడెక్కి ఆయిల్ పల్చబడేకొద్దీ పెరుగుతుంది, లోడ్ పడితే, అంటే నాలుగో గేర్‌లో బ్రిడ్జి ఎక్కేటప్పుడు తొక్కితే, ఇంకా గట్టిగా వస్తుంది. ఇంకో చిన్న పరీక్ష ఉంది, ఫోన్‌తో ఆ సౌండ్ రికార్డ్ చేసి స్లో స్పీడ్‌లో పెట్టి లెక్కపెట్టండి. నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ నిమిషానికి దాదాపు 800 చుట్లు తిరుగుతుంది, పైన వాల్వుల వైపు క్యామ్ షాఫ్ట్ మాత్రం దాంట్లో సగం స్పీడే తిరుగుతుంది, ఒక్కో సిలిండర్‌లో మంట కూడా రెండు చుట్లకి ఒకసారే. కాబట్టి సెకనుకి ఏడు దాకా వినపడితే వాల్వుల వైపో ఒక్క నాజిల్ దగ్గరో ఉన్న సమస్య అనుకోవచ్చు, పదమూడు పద్నాలుగు వస్తే కింద క్రాంకు వైపు అనుమానించాలి. దీంతో తీర్పు చెప్పలేం, రెండు నాజిల్స్ లీకైతే లెక్క మారిపోతుంది, కానీ మెకానిక్ ముందు ఏ ప్రశ్న అడగాలో తెలుస్తుంది.

ఇక్కడ కూర్చుని ఉత్తరం చదివి మీ క్రాంకు బాగుందని నేను సర్టిఫికెట్ ఇవ్వను. అందుకే ఒక పరీక్ష మాత్రం తప్పకుండా చేయించమంటున్నాను, ఆయిల్ ప్రెజర్. ఆయిల్ లైట్ వెలగట్లేదు కదా అని మీరు ధైర్యంగా ఉన్నారు, ఆ లైట్ ప్రెజర్ దాదాపు పూర్తిగా పడిపోతే తప్ప వెలగదు, వెలిగేసరికి చాలావరకు జరగాల్సింది జరిగిపోతుంది. ఆ లైట్ స్విచ్ ఊడదీసి దాని స్థానంలో మీటర్ బిగించి చూడాలి, ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిలింగ్‌లో ఒకసారి, రెండు వేల ఆర్పీఎం దగ్గర ఒకసారి. మెకానిక్‌లు మామూలుగా వెయ్యి ఆర్పీఎంకి పది పీఎస్ఐ అని ఒక నోటి లెక్క చెప్తారు, అసలు లెక్క ఆ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే. ప్రెజర్ బాగుంటే క్రాంకు భయం చాలావరకు తగ్గినట్టే.

తక్కువ వస్తే? అప్పుడు కూడా వెంటనే ఇంజిన్ దించమని కాదు. చైన్ కవర్ మూసేటప్పుడు చుట్టూ సిలికాన్ పేస్ట్ పెడతారు, ఎక్కువ పూస్తే లోపలి వైపు ముద్దలుగా వచ్చి ఆరిపోతుంది, ఊడి ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో పడుతుంది, అక్కడ ఆయిల్ పంపు పీల్చుకునే జల్లెడకి అడ్డం పడుతుంది. చైన్ పని తర్వాత సౌండ్ మొదలైన బండిలో ఇది చూడకుండా క్రాంకు అనడం నాకు నచ్చదు. చాంబర్ ఒక్కటే కిందికి దించి జల్లెడ చూస్తే సరిపోతుంది, అదే చేత్తో చాంబర్ అడుగున ఆయిల్లో మెరుపు ఉందా చూడమనండి. మెరుస్తున్న పొడి అయస్కాంతానికి అంటుకుంటే చైనో, పళ్ళ చక్రాలో అరిగిన ఇనుము, అంటుకోకుండా రాగి రంగులోనో వెండి రంగులోనో మెరిస్తే బేరింగ్. అది కనపడినప్పుడు ఆ ఒంగోలు మెకానిక్ మాట నిజమైనట్టు, అప్పుడు ఇంజిన్ దించడానికి మీరు వెనకాడక్కర్లేదు, ఆలస్యం కూడా చెయ్యకూడదు.

ఈలోపు ఎప్పుడైనా దబ్ దబ్ మొదలైనా, ఎర్ర ఆయిల్ లైట్ ఒక్క క్షణం వెలిగినా, హైవే మీద ఉన్నా సరే పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యమని ఆవిడకి చెప్పండి. మెల్లగా ఇంటిదాకా వచ్చేస్తా అనుకోవద్దు, కట్టి లాక్కురావడమే.

బావమరిది దగ్గరికి వద్దాం. "నాకేం ఇనపడలేదే" అన్నాడని మీకు కోపం వచ్చింది, కానీ ఆలోచించండి, మీరు కందుకూరులో స్టార్ట్ చేసుకుని సింగరాయకొండ దాకా నడుపుకుంటూ వెళ్తే అక్కడికి చేరేసరికి ఇంజిన్ వేడెక్కి ఉంటుంది, పొద్దున గర్రు ఇక ఎక్కడ వినపడుతుంది? హైవే పక్కన లారీల హోరులో ఆ టిక్కు మాత్రం ఏం వినపడుతుంది? ఆ అబ్బాయి తప్పించుకోడానికే అన్నాడని ఎందుకు అనుకోవాలి. సాయంత్రం బండి తీసుకెళ్ళి షెడ్డులోనే వదిలేసి రండి. పొద్దున్నే షట్టర్ తీసి అతన్నే స్టార్ట్ చెయ్యమనండి, మీరు పక్కన ఉండండి. అతని చెవితో అతను వింటే సగం గొడవ అక్కడే పోద్ది.

మాట్లాడేటప్పుడు కుర్రాళ్ళ ముందు, కస్టమర్ల ముందు వద్దు. వాడు అక్కడ ఓనరు, బావ వచ్చి నలుగురిలో అడిగితే తప్పు ఉన్నా ఒప్పుకోడు, మనమైనా ఒప్పుకోం. "ఒంగోల్లో ఇట్టా అన్నారు" అనే మాట కూడా ముందు తీసుకురాకండి. ముందు పొద్దున సౌండ్ తగ్గిందని చెప్పండి, అది నిజం కూడా. తర్వాత ఫోటో చూపించి "నాజిల్స్ కింద వాషర్లు కొత్తవి వేశావా అబ్బాయ్, అక్క వాసన వస్తందంటంది" అని అడగండి. ఆవిడ మాటగా చెప్పడంలో రెండు లాభాలున్నాయి, అది ఆవిడ చెప్పిందే కాబట్టి అబద్ధం కాదు, పైగా అక్క రోజూ పొగ పీలుస్తుందంటే ఆ అబ్బాయి ఊరుకోడు. అసలు ఆవిడనే మాట్లాడమనొచ్చు. మీ ఇంట్లో కోపానికి కారణం తమ్ముడి పనిని అనుమానించారని మాత్రమే కాదేమో అని నా అనుమానం, ఆవిడకి చెప్పకుండా ఆవిడ నడిపే బండిని ఒంగోలు తీసుకెళ్ళారు, ఆవిడ వాసన అంటే నాకు తెలియలేదు అన్నారు. ఈసారి బండి చూపించడానికి వెళ్ళేటప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్ళండి.

డబ్బుల గురించి. 41 వేలు వెనక్కి అడగడం ఇప్పుడైతే వద్దు, ఏం తప్పో తేలకుండా డబ్బు అడిగితే అది సౌండ్ గురించిన మాట కాకుండా పోతుంది, మీ అత్తగారి ఫోన్లు రెండింతలవుతాయి. ముందు లెక్క అడగండి, సామాన్లకి ఎంత, లేబర్ ఎంత, స్పేర్ల షాపు బిల్లు ఉందా, చైన్ వచ్చిన డబ్బా మీద పార్ట్ నంబర్, ఎమ్మార్పీ ఉన్నాయా అని. అది అనుమానం కాదు, రేపు బండి అమ్మినా కావాల్సిన కాగితం. కొత్త వాషర్లు, బెల్ట్, అవసరమైతే టెన్షనర్, వీటి ఖర్చు మీరు పెట్టుకోండి, లేబర్ మాత్రం అతను తీసుకోకుండా మళ్ళీ చెయ్యడం న్యాయం. చాలామంది మెకానిక్‌లు దీనికి ఒప్పుకుంటారు, బావమరిది కాకపోయినా.

ఒప్పుకోకపోతే, లేదా అతని దగ్గర ప్రెజర్ మీటర్, బండి కంప్యూటర్ చదివే స్కానర్ లేకపోతే, మూడో చోటుకి వెళ్ళండి. కంపెనీ సర్వీస్ సెంటర్ అయినా సరే, నెల్లూరులోనో ఒంగోలులోనో డీజిల్ పంపులు, నాజిల్స్ మాత్రమే చూసే వర్క్‌షాప్ అయినా సరే. అక్కడ రిపేర్ చెయ్యమనకండి, పరీక్ష మాత్రమే అడగండి, ఆయిల్ ప్రెజర్, స్కానర్ రిపోర్ట్, ఒక్కో నాజిల్‌కి కంప్యూటర్ డీజిల్ ఎంత సర్దుతుందో చెప్పే కరెక్షన్ విలువలు, ఇవి కాగితం మీద కావాలని చెప్పండి. స్కానర్‌లో పీ 0016 కోడ్ గనక ఉంటే చైన్ ఒక పన్ను అటూ ఇటూ పడిందేమో అని చూడాలి, మీరు పికప్ బాగుందంటున్నారు కాబట్టి ఆ అవకాశం తక్కువే. ఈ దారిలో కొంత డబ్బు, ఒక రోజు పోతాయి, చేతికి మాత్రం ఎవరి బంధువూ కాని కాగితం వస్తుంది. వెళ్ళే ముందు బావమరిదికి చెప్పే వెళ్ళండి. చెప్పకుండా వెళ్తే దాగదు, స్పేర్ల షాపుల వాళ్ళందరూ ఒకళ్ళకొకళ్ళు తెలిసినవాళ్ళే, ఒంగోలు సంగతి కూడా ఈపాటికి సింగరాయకొండ చేరే ఉంటుంది.

నేరుగా ఆ ఒంగోలు మెకానిక్‌కే ఇవ్వాలనుకుంటే అదీ మీ ఇష్టమే, కానీ ఇంజిన్ కిందికి దిగాక బేరం మీ చేతిలో ఉండదు, విప్పాక "బోరు కూడా పోయిందన్నా" అంటే మీరు కాదనలేరు. ఏం మార్చాలో, ఒక్కోదానికి ఎంతో రాతపూర్వకంగా తీసుకుని, జీఎస్టీ బిల్లు ఇస్తానంటేనే ఇవ్వండి. బిల్లు ఉంటే తేడా వస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి రెండేళ్ళలోపు వెళ్ళొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. బావమరిది మీద మీరెలాగూ వెళ్ళరు, బిల్లు కూడా లేదు, ఆ ఆలోచన పక్కన పెట్టెయ్యండి.

అమ్మేద్దామా అని కూడా ఒక చోట రాశారు. పొద్దున్నే వచ్చి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చూసే బేరగాడు ఆ గర్రు విని ఒకేసారి 50 వేలు తగ్గించి అడుగుతాడు, చూడనివాడికి చెప్పకుండా అమ్మడం మీకే బాగుండదు. ఆర్సీ 2029 దాకా ఉంది, వాషర్ల పనితో, టెన్షనర్ పనితో పోయేదైతే ఈ బండి ఇంకా తిరుగుతుంది. ప్రెజర్ తక్కువ వచ్చి చాంబర్‌లో బేరింగ్ పొడి కనపడితే మాత్రం అప్పుడు లెక్క వెయ్యండి, ఇంజిన్ పనికి అయ్యేది ఎంత, బండి పలికేది ఎంత అని.

పెళ్ళికి ఇంకా నెల టైముంది. ప్రెజర్ చూడకుండా, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ఎక్కించుకుని తిరుపతి దాకా ఆ బండి తీసుకెళ్ళొద్దు, అప్పటికి తేలకపోతే సింగరాయకొండలో రైలెక్కండి. ఈ ఆదివారం నాజిల్స్ దగ్గర టార్చ్ వేసి చూడండి, సాయంత్రం బండి షెడ్డులో వదలండి. మళ్ళీ రాసేటప్పుడు ప్రెజర్ రీడింగ్ ఎంత వచ్చిందో రాయండి, ఇంజిన్ వేడి మీద ఉన్నప్పటిది, చల్లగా ఉన్నప్పుడు ఎవరి బండికైనా రీడింగ్ బాగానే వస్తుంది.